మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: టీచరమ్మ గారికి ప్రభువు పేరిట వందనాలు. నాకు 31 ఏళ్ళు. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా ఆయన ఆటో నడుపుతారు. ఆరేళ్ళ పాప ఉంది. నాకు పదిహేనో ఏట నుంచి ఫిట్స్. మాత్రలు సరిగ్గా వాడుతూ ఉండగా నాలుగేళ్ళపాటు ఒక్కసారి కూడా రాలేదు. మా సంఘంలో ఎనిమిదేళ్ళుగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ ఏడాది శ్రమకాలంలో నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టారు. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక దైవజనుడు, "మాత్రల మీద ఆనుకున్నవాడు దేవుడి మీద ఆనుకోలేడు" అన్నారు. ఆ రాత్రే మాత్రలు మానేశాను. గుడ్ ఫ్రైడే రోజు సిలువ మీద పలికిన ఐదో మాట చెబుతుండగా అందరి ముందూ పడిపోయాను. తెలివి వచ్చేసరికి చేతిలో తాళాల గుత్తి, నోట్లో చెంచా, తల నిండా ప్రార్థన నూనె. దయ్యం అన్నారు. విడుదల వచ్చేదాకా పిల్లలకు పాఠం చెప్పవద్దన్నారు. పది రోజుల తర్వాత ఇంట్లో ఇంకోసారి వచ్చింది, పొయ్యి దగ్గర చెయ్యి కాలింది. మా ఆయన కోప్పడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ మాత్రలు మొదలుపెట్టించారు. కానీ మాత్ర మింగిన ప్రతిసారీ తప్పు చేస్తున్నట్టే ఉంటోంది. "నా కృప నీకు చాలును" అని ప్రభువు పౌలుతో అన్నాడు కదా, అంటే నాకు ఇక బాగుకాదనా? బలహీనతలో బలం అంటారు. నాకైతే ఎక్కడా కనబడటం లేదు.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందుగా మీ ఆయనకు నా వందనాలు చెప్పండి. ఆయన కోపం మీ ప్రాణం కాపాడింది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి మనిషి చనిపోయే ప్రమాదం ఉంటుంది. తగ్గించాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా అది డాక్టరు నెలల తరబడి మెల్లగా చేయాల్సిన పని. ఎవరు చెప్పినా, ఏ వేదిక మీద చెప్పినా మీ అంతట మీరు ఇంకెప్పుడూ మానకండి. ఇంకో బిడ్డను కనాలనుకుంటే ఆ సంగతి కూడా ముందే డాక్టరుకు చెప్పండి. కొన్ని ఫిట్స్ మాత్రలు కడుపులో బిడ్డకు మంచివి కావు, వాటిని ముందుగానే మారుస్తారు.

మీ ఉత్తరంలో నాకు ఇంకో సంగతి కనబడింది. నలభై రోజులు పస్తులు. శ్రమకాలం అంటున్నారు కాబట్టి రాత్రి ప్రార్థనలూ ఉండే ఉంటాయి. ఫిట్స్ ఉన్నవాళ్ళకు నిద్ర చెడటం ఒక్కటి చాలు, అది రావడానికి. దానికి ఆకలి, మాత్రల మానుడు తోడయ్యాయి. గుడ్ ఫ్రైడే రోజు మీరు పడిపోవడానికి కారణం వెతకాలంటే ఇన్ని ఉన్నాయి. దయ్యం దాకా పోనక్కర్లేదు.

మీ చేతిలో పెట్టిన తాళాల గురించీ చెబుతాను. చాలామందికి ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో ఎవరో తాళాలు పెడతారు, ఎవరో ఉల్లిపాయ వాసన చూపిస్తారు, ఎవరో నూనె పోస్తారు. ఆగగానే ఎవరు చేసింది వాళ్ళకు రుజువు అయిపోతుంది. చేయాల్సింది వేరే. పక్కన ఉన్న కుర్చీలు, బల్లలు జరపాలి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, మంచినీళ్ళు కూడా. కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టి ఆపకూడదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు ముక్కలు మీ సంఘంలో ఒక్కరికి తెలిసి ఉన్నా ఆ రోజు మీ నోట్లో చెంచా ఉండేది కాదు.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. నాకు ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు.

నాకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. ఎడమ కాలు చచ్చుబడింది. కాలికి పట్టీలతో బిగించే ఊతచట్రం, కాలిపర్ అంటారు, అది తొడుక్కుని నడిచేదాన్ని. ఒంగోలు పక్కన ఊరు మాది. నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేసేవాడు. 1971లో, నాకు పదమూడో ఏట, మా దగ్గర పెద్ద డేరా వేసి స్వస్థత కూటాలు పెట్టారు. మూడో రోజు ప్రసంగం చేస్తున్నాయన నన్ను వేదిక మీదికి పిలిచి, "నీ కాలిపర్ తీసి పారెయ్, నడువు" అన్నాడు. నాన్న వంగి పట్టీలు విప్పాడు. ఆయన చేతులు వణకడం నాకు ఇంకా గుర్తే. రెండడుగులు వేసి పడ్డాను. మోచెయ్యి విరిగింది. కింద జనం స్తోత్రాలు ఆపలేదు, బహుశా నేను పడటం వెనక ఉన్నవాళ్ళకు కనబడి ఉండదు. దిగి వస్తుంటే ఎవరో నాన్న చెవిలో, "తండ్రి విశ్వాసం చాలలేదు" అన్నారు.

రిక్షాలో ఇంటికి వస్తూ నాన్న ఏడ్చాడు. "నా విశ్వాసం చాల్లేదు తల్లీ" అని. నా చెయ్యి మూడు నెలల్లో అతుక్కుంది. నాన్న మాత్రం చనిపోయేదాకా ఆ మాట మోశాడు. అందుకే అమ్మా, "మాత్రల మీద ఆనుకున్నవాడు" అన్న ఆ మాట మీ ఉత్తరంలో చదవగానే నాకు చాలా బాధ కలిగింది. అలా అన్నవాళ్ళు మర్నాడు వేరే ఊరు వెళ్ళిపోతారు. ఆ మాట మాత్రం ఒక ఇంట్లో నలభై ఏళ్ళు ఉండిపోతుంది.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను కూర్చోబెట్టి కాలిపర్ తొడిగింది. పట్టీలు బిగిస్తూ ఎప్పటిలాగే ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ పట్టీలు సాయంత్రం దాకా ఊడకుండా చూడు, పిల్ల బడికి వెళ్ళి రావాలి." అంతే ఆమె ప్రార్థన. చదువు లేని మనిషి. పట్టీకీ ప్రార్థనకూ పోటీ ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీరు మాత్ర వేసుకునేటప్పుడు మా అమ్మ ప్రార్థన వాడుకోండి: ప్రభువా, ఈ మాత్ర రాత్రి దాకా పనిచేయనియ్యి, పాపకు అన్నం పెట్టాలి.

బైబిలు కూడా మా అమ్మ పక్షానే ఉంది. హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో పడి ఏడ్చి ప్రార్థన చేశాడు. పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచుతున్నానని దేవుడు మాట ఇచ్చాడు. ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమని చెప్పాడు. వాగ్దానం వచ్చాక కట్టు ఎందుకని అక్కడ ఎవరూ అడగలేదు. కడుపు జబ్బుతో బాధపడుతున్న తిమోతికి పౌలు పంపిన సలహా, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని. నీ విశ్వాసం తక్కువైందని రాయలేదు. త్రోఫిము అనే తోటి పనివాడు జబ్బు పడితే పౌలు అతన్ని మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. ఎంతోమందిని బాగుచేసిన పౌలు, ఆ ఒక్క స్నేహితుణ్ణి మంచం మీద వదిలి ప్రయాణమయ్యాడు. ఆ ఒక్క వాక్యం మీద ఎవరైనా ప్రసంగం చేస్తే వినాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

ఇక దయ్యం మాట. మత్తయి సువార్త నాలుగో అధ్యాయం చివర యేసు దగ్గరికి తెచ్చినవాళ్ళ పట్టీ ఉంది. దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని అని. చాంద్రరోగం అంటే మన ఫిట్సే. చూశారా, దయ్యం పట్టినవాళ్ళను ఒక మాటగా, ఫిట్స్ వాళ్ళను ఇంకో మాటగా రాశాడు. రెండూ ఒకటేనని మత్తయి అనుకోలేదు. అదే మత్తయి పదిహేడో అధ్యాయంలో ఒక కుర్రవాడి సంగతి ఉంది, అక్కడ యేసు దయ్యాన్ని గద్దించాడు. మీకు అదే చూపించి ఉంటారు. ఆ ఒక్క కుర్రవాడి కథ తెచ్చి ఫిట్స్ ఉన్న ప్రతి బిడ్డకూ అంటగట్టడం వాక్యాన్ని వాక్యంతో సరిచూడకపోవడమే. ఆ కథలో నాకు ఇష్టమైన మనిషి వాళ్ళ నాన్న. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక పెట్టాడని మార్కు రాశాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం, రెండూ ఒకే నోట. యేసు అతనికి నీ విశ్వాసం చాల్లేదని చెప్పి పంపేయలేదు. మా నాన్నకు ఈ మాట వేళకు ఎవరైనా చదివి వినిపించి ఉంటే బాగుండేది. నేను చదివి అర్థం చేసుకునేసరికి ఆయన లేడు.

"నా కృప నీకు చాలును" గురించి అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పినదాన్ని, నాకు మాటల మీద కాస్త పట్టింపు ఎక్కువ. మనకు "చాలు" రెండు రకాలు. విసుగెత్తి "ఇక చాలు" అంటే ఆపు అని. పంక్తిలో కూర్చుని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటే కడుపు నిండిందని. మీరు ఈ వాక్యాన్ని మొదటి చాలులా విన్నారు, ఇక అడగొద్దు అన్నట్టు. అది రెండో చాలు. వడ్డించే చెయ్యి పక్కనే ఉంది, ఆకు ఖాళీగా ఉండదు అని. తర్వాతి మాట చూడండి: "బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." అందు, ఇందు, న సప్తమీ విభక్తి అని బడిలో చదివాం కదా. బలహీనత పోయిన తర్వాత అని లేదు, బలహీనత బదులు అని లేదు. బలహీనతయందు. అది ఉండగానే, దాని లోపలే.

బాగుకాదనా అని అడిగారు. అది వాక్యంలో వెతకాల్సిన జవాబు కాదు, మీ డాక్టరును అడగండి. సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీకే నాలుగేళ్ళు రాలేదు. ఆ నాలుగేళ్ళూ దేవుడు మీ ఇంట్లో లేడా?

ఆ వాక్యం దగ్గరే పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందని రాశాడు, అది ఏమిటో చెప్పలేదు. కళ్ళ జబ్బని కొందరు, చలిజ్వరమని కొందరు, మీకున్న ఫిట్సే అని కూడా కొందరు పండితులు అన్నారు. నల్లరేగడిలో చెప్పులు లేకుండా తిరిగినవాళ్ళకు తుమ్మముల్లు సంగతి తెలుసు. పిన్నీసుతో తీయబోతే విరిగి లోపలే ఉండిపోతుంది, అడుగు వేసినప్పుడల్లా గుచ్చుతుంది. తన ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నానని పౌలు రాశాడు. యేసు కూడా గెత్సేమనేలో మూడుసార్లే అడిగాడు, ఈ గిన్నె తొలగించమని. ఇద్దరికీ అడిగింది దొరకలేదు. విశ్వాసం చాలక అని ఎవరైనా అనగలరా?

అయితే పౌలు ఈ సంగతి ఎవరికి రాశాడో చూడండి. కొరింథు సంఘానికి. అక్కడ కొందరు, ఉత్తరాలైతే బరువుగా రాస్తాడు గానీ మనిషిని చూస్తే బలహీనుడు, మాట్లాడటం కూడా రాదు అని ఆయన్ని చులకన చేస్తున్నారు. అలాంటివాళ్ళ ముందు మనమైతే ఏం చేస్తాం? ఉన్న బలహీనత దాచేస్తాం. ఆయన పద్నాలుగేళ్ళ కింద పరదైసు దాకా వెళ్ళిన దర్శనం గురించి, ఎవరో పరాయి మనిషి సంగతిలా రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు. ముల్లు సంగతి మాత్రం నాది అని చెప్పాడు. ఆ ఉత్తరం సంఘమంతా కూడినప్పుడు పైకి చదివి వినిపిస్తారని ఆయనకు తెలుసు. బలహీనతల్లో అతిశయపడటం అంటే నాకు అర్థమైంది ఇదే. బాధ బాగుందని సంతోషించడం కాదు. దాచకుండా, తల దించకుండా, ఇదీ నా సంగతి అని నలుగురిలో చెప్పగలగడం. దాచినంత కాలం మన చుట్టూ ఎవరూ ఉండరు, ఏం చేయాలో ఎవరికీ తెలియదు. చెప్పాక మనుషులు వస్తారు. నా మటుకు నాకు దేవుడి బలం ఎప్పుడూ ఎవరో ఒకరి చేతుల్లోంచే వచ్చింది.

ఒకటి చెబుతాను. ఒంగోల్లో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు దాని మీదికెక్కి మోకరించారు. మొత్తం ఐదుగురు. అంతకు ముందు ఏడాదే, ఇన్నేళ్ళయినా ఫలం లేదు, తెలుగు మిషను మూసేద్దామా అని అమెరికాలో సంఘాల పెద్దలు చర్చించారు. ఆ మూసేయాలనుకున్న మిషనులోనే 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

ప్రతి కొత్త సంవత్సరం పొద్దున మా సంఘం వాళ్ళు ఆ కొండ ఎక్కుతారు. నేను ఎక్కలేను. చిన్నప్పుడు నాన్న భుజాల మీద ఎక్కాను. పెద్దయ్యాక ఇంట్లో పడుకుని ఏడ్చేదాన్ని. ఒక ఏడాది, ఎందుకు ఇంట్లో ఉండాలి, కింద కూర్చుంటాను అని వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి మోకాళ్ళ నొప్పులతో సగం నుంచి దిగి వచ్చిన ఒక పెద్దామె నా పక్కన చేరింది. మరుసటి ఏడాది, నెలలు నిండిన ఒక కోడలు పిల్ల, గుండె ఆపరేషన్ అయిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు వచ్చారు. ఇప్పుడు కొండ కింద మేం ముప్పై నలభై మందిమి అవుతాం. పైవాళ్ళు దిగేదాకా ఒకరి పేరు ఒకరు తెలుసుకుని ప్రార్థన చేసుకుంటాం. నాకు కాలు బాగుంటే నేనూ పైకే పోయేదాన్ని, ఆ పెద్దామె ఒక్కతే కింద కూర్చునేది. బలహీనతలో బలం ఎక్కడ అని అడిగారు కదా. నేను చూసింది అక్కడ.

1974లో నన్ను వేలూరు తీసుకెళ్ళారు, కాలు సాఫు చేసే ఆపరేషన్ కోసం. కాట్పాడిలో దిగి, భాష రాక, నాన్నా నేనూ భయపడుతూ వెళ్ళాం. అక్కడ ఒక తెలుగు నర్సమ్మ మేరీ వర్గీస్ డాక్టరు గారి సంగతి చెప్పింది. కేరళలో పుట్టి వేలూరులో డాక్టరైన ఆమెకు 1954లో రోడ్డు ప్రమాదం జరిగి వెన్నెముక దెబ్బతింది. నడుం కింద నుంచి స్పర్శ పోయింది. నిలబడి చేసే ఆపరేషన్లు ఇక ఆమెకు లేవు. అయితే కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులను సరిచేసే ఆపరేషన్ కూర్చుని చేయవచ్చు. చక్రాల కుర్చీలో కూర్చుని అది నేర్చుకుని చేసింది. తర్వాత అమెరికా వెళ్ళి పునరావాస వైద్యం చదివి వచ్చి, వెన్ను దెబ్బతిన్నవాళ్ళ కోసం ఆ విభాగాన్ని నడిపించింది. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం తెరిచారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. నర్సమ్మ చెప్పిన వాటిలో నాకు పద్మశ్రీ గుర్తుండలేదు. ఆమె వార్డులోకి కుర్చీలో వస్తే నడవలేని రోగులు తలెత్తి చూసేవాళ్ళన్న మాట గుర్తుండిపోయింది.

ఇది చెప్పి మిమ్మల్ని కూడా ఏదో గొప్ప పని చేయమనడం లేదు. వంట చేసుకుని, పాపను బడికి పంపి, రాత్రి వేళకు పడుకుంటే మీకు అది చాలు. మీకు సండే స్కూలు ఉంది, అది ఇష్టంగా ఎనిమిదేళ్ళు చేశారు. దాన్ని వదులుకోవద్దని మాత్రం చెబుతాను.

మీ ఆయన్ని వెంటబెట్టుకుని మీ సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళండి. కోపంతో కాదు. డాక్టరు చీటీ తీసుకెళ్ళండి. నాలుగేళ్ళు రాలేదని, మాత్రలు మానినందుకే వచ్చిందని చెప్పండి. మత్తయి నాలుగో అధ్యాయం చూపించండి. అయ్యగారి ఇంట్లో అమ్మగారు ఉంటే ఆమెతో ముందు మాట్లాడటం ఇంకా మేలు, ఆడవాళ్ళ కష్టం త్వరగా వింటారు. ఒప్పుకుంటే, పిల్లలకు ఒక ఆదివారం మీరే చెప్పండి: టీచరుకు ఇలా అవుతుంది, అయితే భయపడకండి, బల్ల జరిపి పెద్దవాళ్ళను పిలవండి అని. పిల్లలు పెద్దల కంటే త్వరగా నేర్చుకుంటారు. ఒప్పుకోకపోతే కొన్నాళ్ళు మీ అరుగు మీదే మీ పాపనూ పక్కింటి పిల్లలనూ కూర్చోబెట్టుకుని కథలు చెప్పండి. ఇంట్లో పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకండి, బాత్‌రూమ్ గడియ వేసుకోకండి, బావి దగ్గరికి ఒక్కరే వెళ్ళకండి. ఉపవాసం ఉండాలనిపిస్తే ముందు డాక్టరును అడగండి, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు.

మీరు ఐదో మాట దగ్గర పడిపోయానన్నారు. "నేను దప్పిగొనుచున్నాను" అన్నది అది. ఏడు మాటల్లో ఒంటి బాధ చెప్పుకున్న మాట అదొక్కటే. దాహం వేస్తోందని అడిగాడు. ఎవరో స్పంజిని చిరకలో, అంటే పులిసిన ద్రాక్షారసంలో ముంచి కర్రకు పెట్టి అందిస్తే పుచ్చుకున్నాడు. ఆయన పుచ్చుకున్నాడు అమ్మా. మీరూ నీళ్ళ గ్లాసు పట్టుకుని మాత్ర పుచ్చుకోండి.

ప్రశ్న: నాకు 71 ఏళ్ళు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్ళుగా సంఘ పెద్దను. మూడేళ్ళుగా పార్కిన్సన్స్ జబ్బు. ప్రభువు బల్ల రోజు పళ్ళెం పట్టుకుంటే చేతులు వణికి ద్రాక్షారసం ఒలికింది. చాలా అవమానంగా ఉంది. రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నాను.
— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నయ్యగారూ, యుద్ధం జరుగుతుండగా కొండ మీద ఎత్తి పట్టిన మోషే చేతులు బరువెక్కినప్పుడు ఆయన నాయకత్వం తీసేయలేదు. ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టారు. అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు చేతులు పట్టుకున్నారు, పొద్దు గూకేదాకా. రాయి వేయడం నాకు బాగా నచ్చుతుంది, ముందు కూర్చోబెట్టాలని వాళ్ళకు తోచింది. మీరు కూర్చుని వాక్యం చదవండి, ప్రార్థన చేయండి. పళ్ళెం ఒక యువకుడి చేతికి ఇవ్వండి, అతను కూడా నేర్చుకుంటాడు. ఒలికిన ఆ రోజు ఎవరైనా నవ్వారా? మీరు రాయలేదు కాబట్టి నవ్వలేదనే అనుకుంటున్నాను. ఇంకో సంగతి, ఈ జబ్బులో మాత్ర పనిచేసే వేళ అయిపోతే వణుకు పెరుగుతుంది. ఆరాధన ఏ టైముకో డాక్టరుకు చెప్పి మాత్ర వేళ సర్దించుకోండి. అలసట వల్ల మానాలనిపిస్తే మానండి. చేతుల వల్ల మానకండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఆరు నెలలుగా నిద్ర లేదు, అన్నం సయించదు, ఊరికే టెన్షన్. ప్రార్థన చేద్దామన్నా నోరు పెగలడం లేదు. "ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి" అని స్నేహితులు వాక్యం పంపుతారు, అది చూస్తే ఇంకా బాధ. ఒక్కోసారి ఇక చాలు అనిపిస్తోంది.
— ఒక తమ్ముడు

జవాబు: నాయనా, ఈ ఉత్తరం రాశావు, మంచి పని చేశావు. ఏలీయా కూడా నీ మాటే అన్నాడు. కర్మెలు కొండ మీద అంత పెద్ద పని చేసిన మనిషి, కొన్నాళ్ళకే అరణ్యంలో బదరీ చెట్టు కింద కూర్చుని, "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. పైన ఆ చెల్లికి చెప్పిన మొదటి చాలు ఇదే. దేవుడు అతన్ని కోప్పడలేదు, వాక్యం పంపలేదు, ప్రార్థన చేయమని కూడా అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, కుండలో నీళ్ళు ఉన్నాయి. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి దూత అన్న మాట, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది." నీకు శక్తి చాలదని దేవుడికే తెలుసు నాయనా, నువ్వు దాచనక్కర్లేదు.

ఇప్పుడు నోరు పెగలకపోతే ప్రార్థన మానెయ్, మీ అమ్మ చేస్తుంది, నేనూ చేస్తాను. 88వ కీర్తన ఒక్కటి చదువుకో. అది చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది, దాన్ని కూడా బైబిల్లో ఉంచారు. ఆరు నెలలు నిద్ర లేకపోవడం జబ్బు. ఈ వారంలోనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళు, మాత్ర రాస్తే వేసుకో. చాలు అనిపించిన రాత్రి ఒక్కడివే గదిలో ఉండకు, పక్క గది కుర్రాణ్ణి లేపు. 14416కి ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు. డబ్బులు అక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇంటికి కూడా ఒక ఫోన్ చెయ్. పరీక్ష సంగతి ఎత్తకు, నిద్ర పట్టడం లేదమ్మా అని చెప్పు చాలు, మిగిలింది ఆవిడకు అర్థమవుతుంది. ఈ పూట మెస్సు మూసేలోపు వెళ్ళి పెరుగన్నమైనా తిను.